ఇంటర్నెట్ పేర్ల వేలం – షరీఅత్ వెలుగులో

వ్యాపార నియమాలు తెలియనివాడు మన బజారులో అమ్మకాలు సాగించరాదని హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనా కాలంలో ఆదేశించేవారు. అమ్మడం చేతకాక వ్యాపారి నష్టపోతాడేమోనన్నది ఆయన భయం కాదు. హలాల్, హరామ్ తెలియనివాడు తాను హరామ్ తినడమే కాక ఇతరులకు కూడా తినిపిస్తాడన్నది ఆయన భయం. దూర ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయి, ఆకాశం వైపు చేతులెత్తి మొరపెట్టుకునే వ్యక్తి గురించి దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, పానీయం, బట్ట అన్నీ హరామ్ సంపాదనవే అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ప్రశ్నించారు. కనుక సంపాదన విషయం ఒక్క సంపాదించేవాడితో ముగిసేది కాదు. అతని చేతి ముద్ద తినే ఇల్లంతటి దుఆలు దానితో ముడిపడి ఉన్నాయి.

నేడు మన పిల్లలు కొందరు టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్ లాంటి పట్టణాల్లో ఉద్యోగాలు చేస్తూ, ఖాళీ సమయంలో ఓ కొత్త బజారులో అడుగుపెడుతున్నారు. అది ఇంటర్నెట్ పేర్ల బజారు. కెనడాకు చెందిన పేర్లను వేలంలో కొని, ఎక్కువ ధరకు అమ్మి, ఇంటికి డబ్బు పంపుతున్నారు. “కంటికి కనిపించని పేరును అమ్మితే వచ్చిన సొమ్ము. ఇది మాకు హలాలేనా?” అని ఇక్కడి తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. అడగదగిన ప్రశ్నే ఇది. డబ్బు వచ్చిన తర్వాత కూడా దాని మూలం గురించి ఆలోచించడం దైవభీతికి గుర్తు.

అమ్ముతున్నది ఏమిటి?

ఏ విషయంలోనైనా తీర్పు చెప్పేముందు దాని వాస్తవ రూపం తెలుసుకోవాలని ఫిఖ్హ్ పండితులు నేర్పారు. ఇంటర్నెట్‌లో ప్రతి దుకాణానికీ, సంస్థకూ ఒక చిరునామా ఉంటుంది. మన దేశపు చిరునామాల చివర ‘డాట్ ఇన్’ ఉన్నట్లే కెనడా చిరునామాల చివర ‘డాట్ సీఏ’ ఉంటుంది. దీన్ని 1987లో కెనడాకు కేటాయించారు. మొదట్లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ డెమ్కో, ఆయనతోపాటు కొందరు స్వచ్ఛంద సేవకులు ఈ పేర్ల పట్టికను నిర్వహించారు. 1988 జనవరిలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ విశ్వవిద్యాలయం మొదటి పేరు పొందింది. 2000 డిసెంబరు నుండి కెనడియన్ ఇంటర్నెట్ రిజిస్ట్రేషన్ అథారిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ బాధ్యత చూస్తోంది.

పేరును కనీసం ఒక సంవత్సరానికి, గరిష్ఠంగా 10 సంవత్సరాలకు రుసుము చెల్లించి తీసుకోవాలి. గడువు తీరాక మళ్లీ చెల్లించకపోతే పేరు రద్దవుతుంది. రద్దయిన పేరును తిరిగి పొందడానికి పాత యజమానికి 30 రోజుల అవకాశం ఉంటుంది. అప్పటికీ ఆయన రాకపోతే అది విడుదల కానున్న పేర్ల జాబితాలో చేరి, ఇతరులకు దొరుకుతుంది. మంచి పేరైతే దానికోసం అనేక మంది ఎదురుచూస్తుంటారు. వారి తరఫున దాన్ని పట్టి ఇచ్చే కంపెనీలున్నాయి. ఒకే పేరును పలువురు కోరితే వారి మధ్య వేలం జరుగుతుంది. ఇదిగాక, పేరున్నవాడు తానే వేలానికి పెట్టడమూ ఉంది.

పేరు ‘మాల్’ అవుతుందా?

వస్తువు కాని వట్టి హక్కును అమ్మవచ్చా అన్నది ఫిఖ్హ్‌లో పాత చర్చే. పూర్వపు హనఫీ పండితులు వట్టి హక్కుల అమ్మకాన్ని సాధారణంగా అంగీకరించలేదు. అయితే ప్రజల ఆచారంలో విలువ పొంది, సొంతం చేసుకోవడానికి వీలైన హక్కుల విషయంలో నేటి ఉలమా అత్యధికులు అనుమతిచ్చారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ, వ్యాపార నామాలు, ట్రేడ్ మార్కుల వంటివి ఆర్థిక విలువగల హక్కులనీ, వాటిని అతిక్రమించరాదనీ, మోసం, అస్పష్టత లేకుండా ఉంటే వాటిని డబ్బుకు బదిలీ చేయవచ్చనీ తీర్మానించింది. ఇంటర్నెట్ పేరు వీటిని పోలినదే. 2011లో కెనడాలోని ఒంటారియో అప్పీలు కోర్టు కూడా ఇంటర్నెట్ పేరును ఒక రకమైన ఆస్తిగానే పరిగణించింది. కనుక ‘కంటికి కనిపించదు’ అన్న ఒక్క కారణంతో ఈ వ్యాపారాన్ని హరామ్ అనలేము.

అయితే కొన్నవాడికి దక్కేది శాశ్వత సొత్తు కాదు. గడువున్నంత వరకు వాడుకునే హక్కు, రుసుము కట్టి దాన్ని పొడిగించుకునే హక్కు. కనుక అమ్మేవాడు గడువెప్పుడు తీరుతుందో, దానిపై ఏదైనా వివాదం ఉందో లేదో దాచకుండా చెప్పాలి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూసి, లోపల తడి తగలగానే, ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగారు. మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. పేరు వెనుక దాచిన వివాదం కూడా ఆ రాశి లోపలి తడి లాంటిదే.

వేలంపాట ధర్మసమ్మతమే

ఒక సోదరుని బేరం మీద మరొకరు బేరం చేయరాదన్న నిషేధాన్ని చూసి, వేలం కూడా నిషిద్ధమేనని కొందరు అనుకుంటారు. ఇద్దరి మధ్య ధర కుదిరిన తర్వాత మధ్యలో దూరడం గురించే ఆ నిషేధం. వేలంలో ఇంకా ఎవరితోనూ ధర కుదరలేదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో ఒక పేద అన్సారీ సంఘటన ఉంది. ఆయన సహాయం అడగడానికి వచ్చినప్పుడు, ఇంట్లో ఏముందని దైవప్రవక్త (స) విచారించి, ఒక దుప్పటి, ఒక నీళ్ల గిన్నె తెప్పించారు. ఒకాయన ఒక దిర్హమ్ ఇస్తానన్నాడు. ఇంకా ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని దైవప్రవక్త (స) అడిగి, మరొకరికి రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి, మరో దిర్హమ్‌తో గొడ్డలి కొనిపించి కట్టెలు కొట్టుకోమని పంపారు. పదిహేను రోజుల్లో ఆయన పది దిర్హమ్‌లు సంపాదించుకొచ్చాడు.

వేలంలో హరామ్ అయినది ‘నజష్’. అంటే కొనే ఉద్దేశ్యం లేకుండా, ఇతరులను రెచ్చగొట్టడానికి ధర పెంచడం. దైవప్రవక్త (స) దీన్ని స్పష్టంగా నిషేధించారు. పాత బజారులో నజష్ చేయాలంటే మనిషి వచ్చి నిలబడాలి, నలుగురి కళ్లలో పడాలి. ఇంటర్నెట్ వేలంలో మరో పేరుతో ఖాతా తెరిచి తన సరుకుకు తానే ధర పెంచుకోవచ్చు, స్నేహితునికి ఫోన్ చేసి పెంచమనవచ్చు. ఎవరికీ తెలియదు. 1993లో బ్రూనైలో జరిగిన ఫిఖ్హ్ అకాడమీ సమావేశం వేలాన్ని అనుమతిస్తూనే, ‘నాకు ఇంతకు పడింది’ అని అమ్మకందారు అబద్ధమాడటాన్ని కూడా నజష్‌లోనే చేర్చింది. ‘నిన్ననే ఒకరు ఐదు వేల డాలర్లు ఇస్తామన్నారు’ అని లేని మనిషిని పుట్టించడమూ ఇలాంటిదే.

అబద్ధపు ధృవీకరణ

కెనడా పేర్లకు ఒక ప్రత్యేక షరతు ఉంది. వ్యక్తులైతే ఆ దేశ పౌరులో, చట్టబద్ధమైన శాశ్వత నివాసులో అయి ఉండాలి. అక్కడ ఏర్పాటైన కంపెనీల వంటి సంస్థలు కూడా తీసుకోవచ్చు. కెనడాలో ట్రేడ్ మార్కు నమోదు చేసుకున్న విదేశీయులకు ఆ మార్కుకు సంబంధించిన పేరు మాత్రమే దొరుకుతుంది. పేరు తీసుకునేటప్పుడు ‘నేను ఈ షరతు నెరవేరుస్తున్నాను’ అని ఒప్పుకోవాలి.

ఇక్కడే మనవాళ్లు తేలిగ్గా జారిపోతున్నారు. చదువు వీసాపై వెళ్లిన కుర్రాడు శాశ్వత నివాసినని టిక్కు పెడతాడు. గుంటూరులో కూర్చున్న తమ్ముడు అన్న వివరాలతో, అన్నకు కూడా చెప్పకుండా, పేర్లు తీసుకుంటాడు. ‘ఎవరు చూస్తారు?’ అంటారు. కాగితం మీద పెట్టిన టిక్కు కూడా సాక్ష్యమే. ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్‌ఆన్‌లో మాయిదా సూరా మొదట్లోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ఒప్పందం ముస్లిమేతర దేశంతో అయినంత మాత్రాన ఆ ఆదేశం సడలదు. ఇహలోకంలోనూ నష్టమే. షరతు తప్పిన పేరును రద్దుచేసే అధికారం ఆ సంస్థకు ఉంది. అప్పుడు దాన్ని కొన్నవాడి డబ్బు కూడా మునుగుతుంది.

ఇతరుల పేరు మీద ఆశ

‘పుస్తకం’, ‘తోట’, ‘ఇల్లు’ వంటి సామాన్య పదాలు అందరివీ. ముందుగా తీసుకున్నవాడికి వాటిపై హక్కు ఉంటుంది, లాభానికి అమ్ముకోవచ్చు. కానీ ఒక సంస్థ ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్న పేరును, వారికే అధిక ధరకు అమ్మాలన్న దురుద్దేశ్యంతో తీసుకోవడం అన్యాయంగా సొమ్ము తినడమే. కెనడాలో ఇలాంటి వివాదాలను పరిష్కరించే పద్ధతి ఉంది. ఫిర్యాదుదారు తనకు ముందునుండే ఆ మార్కుపై హక్కుందనీ, పేరు దానితో పొరపాటు పడేటంతగా కలుస్తోందనీ, ఎదుటివాడిది దురుద్దేశ్యమనీ చూపాలి. ఎదుటివాడికి ఆ పేరుతో న్యాయమైన సంబంధం లేదనడానికి కూడా కొంత ఆధారం ఇవ్వాలి. చిన్నవాడి నుండి పేరు లాక్కోవడానికి పెద్ద సంస్థే దురుద్దేశ్యంతో ఫిర్యాదు చేస్తే, దానిపై 5,000 డాలర్ల వరకు విధించవచ్చు. జులుమ్ ఏ వైపు నుండి జరిగినా జులుమే.

చట్టం పట్టుకోని మరో విషయం ఉంది. బ్రాంప్టన్‌లో ఒక సోదరుడు చిన్న హలాల్ మాంసం దుకాణం నడుపుతున్నాడనుకోండి. ఆసుపత్రిలో పడి గడువు మరచిపోయాడు. అతని దుకాణం పేరు జాబితాలో చేరింది. మన కుర్రాడు దాన్ని వేలంలో 60 డాలర్లకు పట్టాడు. వారం తర్వాత ఆ దుకాణదారు ఫోన్ చేసి బతిమాలాడు. గడువు దాటింది, సమయం ఇచ్చారు, పేరు బహిరంగంగా విడుదలైంది, కనుక కొన్నవాడు దొంగ కాడు. అయినా అతని ముందు రెండు దారులున్నాయి. అవతలివాడి అవసరం చూసి 3,000 డాలర్లు అడగవచ్చు. లేదా తనకు పడిన ఖర్చు తీసుకుని ఇచ్చేయవచ్చు. కుదిరిన బేరంపై పశ్చాత్తాపపడిన ముస్లిం వద్ద నుండి బేరం వెనక్కి తీసుకున్నవాడి తప్పిదాలను అల్లాహ్ క్షమిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్తనిచ్చారు. ఇది అచ్చంగా ఆ సందర్భం కాకపోయినా, ఆ శుభవార్తలోని స్ఫూర్తి ఇదే. ప్రజలకు నష్టం కలిగించేలా ఏ వస్తువును బిగబట్టినా అది నిషిద్ధమైన ‘ఇహ్తికార్’ అవుతుందని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అన్నారు. లాభం మీద ఆశ పుట్టినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ పేరుతో ఏం జరుగుతుంది?

2018 అక్టోబరులో కెనడా గంజాయిని చట్టబద్ధం చేసింది. 2022 ఏప్రిల్‌లో ఒంటారియో రాష్ట్రం ప్రైవేటు కంపెనీల ఆన్‌లైన్ జూదానికి తలుపులు తెరిచింది. ఆ దేశ చట్టం అనుమతించినంత మాత్రాన షరీఅత్ అనుమతించినట్లు కాదు. జూదానికి, మత్తుకు తప్ప మరి దేనికీ పనికిరాని పేరును కొని అమ్మడం పాపంలో సహకరించడమే. ఇక కొన్న పేరు అమ్ముడుపోయేదాకా దానిపై ప్రకటనలు పెట్టించి డబ్బు తీసుకునే అలవాటు ఉంది. ఆ ప్రకటనలు జూదానివో, వడ్డీ అప్పులవో, అశ్లీలమైనవో అయితే ఆ ఆదాయం హలాల్ కాదు. వాటిని ఎంచుకునే వీలు లేకపోతే ప్రకటనలు మానుకోవడమే క్షేమం.

చేతిలోకి వచ్చాకే అమ్మాలి

తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు బోధించారు. విడుదల కానున్న పేరు కోసం కంపెనీకి ఆర్డరివ్వడం తప్పు కాదు, అది వకాలత్. కానీ ఆ పేరు ఇంకా తన ఖాతాలోకి రాకముందే మరొకరికి అమ్మేయరాదు. ధరను వాయిదాల్లో తీసుకోవచ్చు, అయితే మొత్తం ముందే తేలాలి, ఆలస్యమైతే వడ్డీ చేర్చకూడదు. లాభానికి షరీఅత్ నిర్ణీత హద్దు పెట్టలేదు. దైవప్రవక్త (స) ఇచ్చిన ఒక దీనారుతో హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ముందుంచారు. ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దైవప్రవక్త (స) దుఆ చేశారు.

జకాత్ విషయం కూడా మరవరాదు. అమ్మే ఉద్దేశ్యంతో కొన్న పేర్లు వ్యాపార సరుకు. ఇతర సొమ్ముతో కలిపి నిసాబ్ చేరితే, అంటే 52.5 తులాల వెండి విలువకు తగ్గకుండా ఉంటే, చాంద్రమాన సంవత్సరం పూర్తయిన రోజున వాటి అంగడి విలువను నిజాయితీగా అంచనా వేసి 2.5 శాతం చెల్లించాలి. సొంత దుకాణానికి వాడుకునే పేరుపై జకాత్ లేదు.

తల్లిదండ్రులకు మా మనవి

సోదర సోదరీమణులారా! డబ్బు అందిందా అని మాత్రమే అడిగి ఫోన్ పెట్టేయకండి. “బాబూ, ఆ దేశానికి నువ్వు చెప్పిన మాట నిజమేనా? ధర పెంచడానికి ఎవరినైనా నిలబెట్టావా? ఎవరి కష్టాన్నైనా నీ పేరున రాసుకున్నావా? ఆ పేరుతో రేపు ఏం జరుగుతుంది?” అని ఈ నాలుగు మాటలు కూడా అడగండి. జవాబులు సరిగ్గా ఉంటే నిశ్చింతగా తినండి, అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకోండి. సరిగ్గా లేకపోతే దాన్ని వదిలించుకోమనండి. ఎవరి హక్కు ఉంటే వారికి తిరిగి ఇమ్మనండి. హక్కుదారు దొరకకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకిచ్చి తౌబా చేయమనండి. అమ్మకందారు, కొనుగోలుదారు ఇద్దరూ నిజం చెప్పి లోపాలు తెలిపితే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టబడుతుందని మన ప్రవక్త (స) తెలిపారు.

అల్లాహ్ మనకూ మన సంతానానికీ, దగ్గర ఉన్నవారికీ దూర దేశాల్లో ఉన్నవారికీ, హలాల్ సంపాదననూ అందులో తృప్తినీ ప్రసాదించుగాక! ఆమీన్.