బిడ్డ ఇంటికి చుట్టమా?

మా ఇంట్లో నలుగురం. మేమిద్దరం పంతుళ్లం. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. నాలుగో మనిషి పాప నాయనమ్మ. భద్రాచలం ఏజెన్సీలోని ఒక కోయ గూడెం మాది. ఉద్యోగాల కోసం మండల కేంద్రంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాయనమ్మ కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు గూడెంలో ఉంటుంది.

ఒక రోజు పొద్దున బడికి ఆలస్యమవుతోంది. బిందెలో నీళ్లు కుండలోకి పోస్తుంటే పాప తన గ్లాసు తెచ్చుకుని తానూ పోయబోయింది. సగం నీళ్లు కుండలో, సగం నేల మీద పడ్డాయి. మేము గ్లాసు లాక్కుని, పాపను మంచం మీద కూర్చోబెట్టి, చేతికి సెల్‌ఫోను ఇచ్చాం. పాప ఏడవలేదు. బొమ్మలు చూస్తూ కూర్చుంది. మేము నేల తుడిచి అన్నం డబ్బాలు సర్దుకుంటున్నాం. గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ కోయలో ఒక్క మాట అడిగింది.

"ఈ పిల్ల మీకు బిడ్డా, చుట్టమా?"

అప్పుడు నవ్వి ఊరుకున్నాం. కానీ ఆ మాట బడిదాకా మా వెంట వచ్చింది. ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

చుట్టం వస్తే మనం ఏం చేస్తాం? మంచం వాల్చి కూర్చోబెడతాం. నీళ్లిస్తాం. మంచి ముక్క ఆయన పళ్లెంలో వేస్తాం. ఏ పనీ ముట్టుకోనివ్వం. ఆయనకు తెలిసిన భాషలో మాట్లాడతాం. ఇదంతా గౌరవమే, ప్రేమే. అయితే చుట్టానికి ఇంకో గుణం ఉంది. ఎన్ని రోజులున్నా చివరికి వెళ్లిపోతాడు. ఆ ఇంటి కప్పు కారితే అది ఆయన బాధ కాదు.

పాపను మేము అచ్చం ఇలాగే పెంచుతున్నామని ఆ రోజు తెలిసింది. అన్నం తినిపిస్తాం. చెప్పులు తొడుగుతాం. పొయ్యి దగ్గరికి రానివ్వం, చీపురు పట్టనివ్వం. మట్టిలో చెయ్యి పెడితే కడిగేస్తాం. మేము చిన్నప్పుడు పడ్డ కష్టం పాప పడకూడదన్నది మా ఆశ. ఆ ఆశలో తప్పు లేదు. కానీ కష్టాన్ని తప్పిస్తున్నామనుకుంటూ ఇంట్లో ఆమె వాటాను కూడా తీసేశామా అన్నదే ప్రశ్న.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెబుతాం. ఉపాధ్యాయ శిక్షణలో మేము మాంటిస్సోరి గురించి చదువుకున్నాం. 1907లో రోమ్ నగరంలో, సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే వెనక ఉండిపోయే పిల్లలు వాళ్లు. నీళ్లు పోయడం, తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం ఆమె పద్ధతిలో పాఠాలు. వస్తువులన్నీ పిల్లల చేతికి, ఎత్తుకు సరిపోయేలా ఉంటాయి. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. అదే పని మా పాప చేయబోతే గ్లాసు లాక్కున్నాం. రోమ్‌లో జరిగితే విద్యా విధానం, మా వంటింట్లో జరిగితే అల్లరి!

గూడెంలో సంగతి వేరు. ఇప్పపూలు రాలే రోజుల్లో సెలవు దొరికితే అక్కడికి వెళ్తాం. తెల్లవారకముందే నాయనమ్మ లేస్తుంది. పాపకు ఒక చిన్న బుట్ట ఇస్తుంది. చెట్టు కింద పెద్దవాళ్లు బుట్టలకు బుట్టలు ఏరుతుంటే పాప పది పూలు ఏరి, రెండు నోట్లో వేసుకుంటుంది. మధ్యలో చీమల బారు కనబడితే అక్కడే కూర్చుండిపోతుంది. ఎవరూ తొందర పెట్టరు. ఇంటికి వచ్చాక ఆ ఎనిమిది పూలనూ నాయనమ్మ పెద్ద కుప్పలోనే పోస్తుంది. అందరి పూలతో కలిపి ఎండబెడుతుంది.

మేమైతే ఏం చేసేవాళ్లం? "అబ్బో, ఎన్ని పూలు ఏరావో!" అని చప్పట్లు కొట్టి, ఫోటో తీసి, ఆ బుట్టను పక్కన పెట్టేవాళ్లం. నాయనమ్మ చప్పట్లు కొట్టలేదు. పూలను కుప్పలో కలిపింది. రెండింటికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. చప్పట్లు చుట్టానికి చెందినవి. కుప్పలో చోటు ఇంటి మనిషికి చెందినది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. గూడెంలో అన్నీ బాగున్నాయని, బడి చదువులే మనల్ని పాడు చేశాయని చెప్పడం తేలిక. తరగతి గదిలో నిలబడే మనకు అది నిజం కాదని తెలుసు.

మా బడిలో ఒక అమ్మాయి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చేది. వాడు ఏడిస్తే బయటికి వెళ్లేది. ఎండాకాలం మొదలై తునికాకు కోత వచ్చిందంటే ఆమె బడికే రాదు. కట్టకు యాభై ఆకులు లెక్కపెట్టి కట్టడం ఆమెకు మాకంటే బాగా వచ్చు. హాజరు పట్టీలో మాత్రం ఆమె పేరు ఎదురుగా ఖాళీలు. ఇదీ ఇంట్లో వాటాయేనా? "పని నేర్చుకుంటోంది సారూ" అని ఇంటివాళ్లు అంటే మనం తలూపాలా?

ఇంకా దగ్గరి సంగతి ఉంది. పాప మేనత్త, అంటే నాయనమ్మ పెద్ద కూతురు, బడి మొహం చూడలేదు. తల్లి పోడు చేనుకు పోతే తమ్ముళ్లను నడుము మీద మోసింది. వాళ్లకు జావ కాచి పోసింది. మా ఇంట్లో ఒకరు పంతులయ్యారంటే ఆ నడుము మీద కూర్చునే అయ్యారు. ఇప్పుడు ఆమె సంతకం అడిగిన చోట వేలిముద్ర వేస్తుంది. ఈ మాట మేము నాయనమ్మతో ఒక రాత్రి అన్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు ఇంకో దారి లేదు. దాని బతుకు కొంత మీకు పోసినాను. అది న్యాయమని నేనెప్పుడూ అనలేదు" అన్నది.

కాబట్టి బిడ్డను చుట్టంగా చూడటం ఒక తప్పయితే, కూలిగా చూడటం ఇంకో తప్పు. చట్టం ఒక గీత గీసింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కు చేసింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదంటుంది. బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత కుటుంబ పనిలో సాయపడటానికి మాత్రం ఒప్పుకుంటుంది. ఆ గీత అవసరమే. కానీ చట్టం వేళను, వయసును చూడగలదు. వంటింట్లోకి వచ్చి, ఇది వాటా, ఇది భారం అని విడదీసి చెప్పలేదు. అది మనమే తేల్చుకోవాలి.

మాకు తోచిన కొలత ఒకటి ఉంది. బిడ్డకు పనిలో వాటా ఇస్తే మన పని పెరుగుతుంది. బిడ్డ మీద భారం వేస్తే మన పని తగ్గుతుంది.

నాలుగేళ్ల పాప నీళ్లు పోస్తే నేల తుడిచే పని మనకు పెరుగుతుంది. పాప చిక్కుడుకాయలు తుంచితే కూర అరగంట ఆలస్యమవుతుంది. ఆ అరగంట మనం బిడ్డకు ఇస్తున్నాం. తమ్ముణ్ణి మోసే అమ్మాయి దగ్గర మాత్రం మనమే తీసుకుంటున్నాం. ఆమె ఒక రోజు మోయకపోతే ఆ ఇంటి పని ఆగిపోతుంది. పాప ఒక రోజు నీళ్లు పోయకపోతే ఏమీ ఆగదు, పాప లోటు మాత్రం కనబడుతుంది. పని ఒకలాగే కనిపించినా ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూస్తే తేడా తెలుస్తుంది.

చుట్టంతో చుట్టం భాషలో మాట్లాడతామని పైన అన్నాం. మా ఇంట్లో అదీ జరిగింది. మేమిద్దరం కోయలో మాట్లాడుకుంటాం. నాయనమ్మతో కోయలోనే మాట్లాడతాం. పాప వైపు తిరగగానే తెలుగులోకి మారిపోతాం, మధ్యలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలుపుతాం. బడిలో వెనకబడుతుందేమోనని భయం. ఆ భయం ఉత్తది కాదు. మన పిల్లవాడు బడిలో "ఏర్" అని అడిగితే, దాహంగా ఉండి నీళ్లు అడుగుతున్నాడని కోయ రాని పంతులుకు తెలియదు. తెలుగులో ఏరంటే వాగు కదా, ఇప్పుడు ఏటికి ఎందుకురా అని కూర్చోబెడతాడు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టారు. అలాంటి బోధన కావాలని సభల్లో మాట్లాడే మేమే, ఇంట్లో సొంత బిడ్డకు ఆ భాషను దాచిపెట్టాం.

పాపకు కోయ ఎలా వచ్చిందో తెలుసా? మేము నేర్పలేదు. నాయనమ్మ పక్కన పని చేస్తుంటే వచ్చింది. నీళ్లు తెమ్మన్నప్పుడు "ఏర్" వచ్చింది. పని ఉన్న చోటికి మాట దానంతటదే వస్తుంది. వాటా తీసేస్తే భాష కూడా పోతుందని అప్పుడు అర్థమైంది.

గూడెం నుంచి చదువుకోవడానికి వెళ్లిన యువకుల గురించి పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. పండుగకు వస్తారు, తింటారు, సెల్‌ఫోను చూసుకుంటారు, వెళ్లిపోతారు అని. హాస్టళ్లను, పట్నాలను తిడతారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ చిన్నప్పుడే ఇంట్లో చుట్టంగా పెరిగినవాడు పెద్దయ్యాక చుట్టంలా వచ్చిపోతే ఆశ్చర్యమేముంది? యువకులకు మా మనవి ఒకటే. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అడగకుండానే ఒక పని అందుకోండి. మీ చెల్లెలి చేతిలో రెండు పనులుంటే ఒకటి మీరు తీసుకోండి. ముఖ్యంగా మగపిల్లలు. మన ఇళ్లలో కొడుకు చుట్టం, కూతురు కూలి అయిన చోట్లు చాలానే ఉన్నాయి.

తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. పిల్లల చేత బడి ఊడిపిస్తూ మనం కుర్చీలో కూర్చుంటే అది భారం. మనమూ చీపురు పడితే అది వాటా. తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చే అమ్మాయికి ఖాళీ గడి వేసే ముందు, ఆ తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపే దారి ఉందేమో వాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడదాం. ఆ అమ్మాయికి అది ఒక పాఠం కంటే ఎక్కువ.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే ఇరవై నిమిషాలు ముందు లేస్తున్నాం. పాపకు ఒక చిన్న చెంబు కొన్నాం. నీళ్లు ఇంకా ఒలుకుతూనే ఉన్నాయి. పాపతో కోయలో మాట్లాడుతున్నాం, మధ్యలో మరిచిపోయి తెలుగులోకి జారుతున్నాం. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో మళ్లీ సెల్‌ఫోను ఇచ్చి కూర్చోబెడుతున్నాం. మేము పూర్తిగా మారామని చెప్పడం లేదు.

మొన్న గూడెం నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. మేము కుర్చీ వేసే లోపు పాప తన చెంబుతో నీళ్లు తెచ్చింది. గడప దాటేసరికి సగం ఒలికిపోయాయి. పెద్దాయన ఆ సగం తాగి, చెంబు తిరిగి ఇచ్చాడు. నాయనమ్మ మా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఇంటికి వచ్చిన చుట్టానికి నీళ్లిచ్చేది ఇంటి మనిషే కదా.