ఉరిసే మిద్దె కింద ఎవరు పడుకుంటారు?

పోయిన దసరాకి ఆళ్లగడ్డలో మా జేజి ఇంట్లో ఒక గొడవ జరిగింది. గొడవంటే అరుచుకోవడం కాదు. కజ్జికాయల అంచులు మడుస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా మాట్లాడుకోవడం. మట్టి మిద్దె తీసేసి స్లాబు వేయాలా, వద్దా అన్నది విషయం. వద్దని గట్టిగా అన్నది నేనొక్కణ్నే. ఆ ఇంటికి అందరికంటే దూరంగా ఉండేదీ నేనే.

నాయన ఉద్యోగం వల్ల మేం పెరిగింది నంద్యాలలో. అక్కణ్నుంచి ఆళ్లగడ్డ ఓ 40 కిలోమీటర్లు. దసరా సెలవులిచ్చిన రోజే బస్సెక్కేవాళ్లం. ఆ ఇంట్లో అప్పటికే రెండు పనులు మా కోసం కాచుకుని ఉండేవి. ఒకటి మిద్దె మీద, ఒకటి మిద్దె కింద.

మిద్దె చూడనివాళ్ల కోసం చెప్తాను. రాతి గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద నాపరాళ్లు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగిలితే దాని సన్నటి రేణువులు విడివడి సందులన్నీ మూసేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. పంటకు పనికిరాని నేల ఇంటికి గొడుగవుతుందన్నమాట. కానీ ఈ గొడుగుని ఏడాదికోసారి కొత్తగా కుట్టుకోవాలి. వానకి కొంత చౌడు కొట్టుకుపోతుంది. ఎలుకలు బొక్కలు పెడతాయి. గాలికి వచ్చి చేరిన మన్నులో గడ్డి మొలుస్తుంది, వేరు దిగిన దారినే నీళ్లూ దిగుతాయి. అందుకని తొలకరికి ముందు చౌడు పోయాలి, దసరాకి ముందు గడ్డి పీకి బొక్కలు పూడ్చాలి, గోడలకి సున్నం కొట్టాలి. అలాగని ఏటా పొర మీద పొర వేస్తూ పోయినా కష్టమే. బరువుకి దూలాలు వంగుతాయి. పాతది గీకి తీశాకే కొత్తది వేయాలి.

మిద్దె మీద మగవాళ్లు, పిల్లలు. కింద జేజి, అమ్మ, పిన్నమ్మ కజ్జికాయలకి బెల్లం, ఎండుకొబ్బరి, వేయించిన నువ్వులు దంచుతుండేవాళ్లు. సాయంత్రం మేం చేతులు కడుక్కొచ్చి అంచులు మడవడానికి కూర్చునేవాళ్లం. అంచు సరిగ్గా అతకకపోతే నూనెలో పగిలి, లోపలి పొడి బయటపడి మాడి, బాండలి మొత్తం పాడవుతుంది. పైన బొక్క, కింద అంచు. రెండు చోట్లా పని సందు మూయడమే.

నేను ఈ వ్యాసం అయిదేళ్ల క్రితం రాసుంటే ఇక్కడితో ఆపేసేవాణ్ని. 'అందరం కలిసి చేసుకునేవాళ్లం, ఆ రోజులే వేరు' అని ఒక వాక్యం తగిలించి.

పోయిన దసరాకి సరిగ్గా ఆ వాక్యమే అన్నాను. సొంత చేతులతో బాగు చేసుకున్న ఇల్లు, ఒక కుటుంబాన్ని ఏడాదికోసారి ఒకచోట చేర్చే పని, ఇవి స్లాబుతో పోతాయని చెప్పాను. పిన్నమ్మ పిండి ముద్ద పక్కన పెట్టి అనింది: "నీకేం నాయనా, నువ్వు మిద్దెను చూసిపోతావు. మేం మిద్దెతో ఏగుతాండాం."

2019 సెప్టెంబరులో నంద్యాల, మహానంది వైపు కుండపోత వానలు పడి, మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి. నేను హైదరాబాద్‌లో ఫోన్‌లో ఆ వీడియోలు చూస్తున్న రాత్రి, ఇక్కడ పిన్నమ్మ ఉరిసిన చోటల్లా గిన్నెలు పెట్టి, జేజి మంచాన్ని మూడుసార్లు జరిపిందంట. నాకు ఆ సంగతి తెలిసింది మొన్న దసరాకే. చెప్పలేదేమని అడిగితే, "చెప్తే వస్తావా?" అనింది. కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.

ఒక వస్తువుని ఉంచాలా, తీసేయాలా అనే హక్కు ఎవరిది? చప్పున తోచే జవాబు, పని చేసేవాళ్లది అని. జాన్ లాక్ 1689లో చెప్పిన వాదం దాదాపు ఇదే. ఎవరిదీ కాని నేలతో నా శ్రమ కలిస్తే అది నాదవుతుంది. అయితే అదే చోట, తన పనివాడు కోసిన పచ్చికని కూడా లాక్ తన ఖాతాలోనే వేసుకుంటాడు. శ్రమ ఒకరిది, హక్కు ఇంకొకరిది. మా ఊళ్లో మిద్దెలకి చౌడు మోసిన కూలీలని తలుచుకుంటే ఈ మెలిక బాగా అర్థమవుతుంది. మా మిద్దె మీద చౌడులో మా శ్రమ ఎంత, వాళ్లది ఎంత? 'మేమే చేసుకునేవాళ్లం' అన్న నా మాటలో వాళ్లు లేరు.

ఈ జవాబుకి ఇంకో చిక్కుంది. జేజి ఇప్పుడు ఏ పనీ చేయలేదు. పనిని బట్టే హక్కయితే జేజికి ఆ ఇంట్లో మాటే ఉండకూడదు. అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది. ఎందుకు తప్పు? ఉరిసేది ఆమె మంచం మీద కాబట్టి.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాత కోడ్‌ని తిరగరాద్దామన్న ప్రతిసారీ మాలో ఒకడు అడ్డం పడతాడు, అదెంత అందంగా రాసిందో చెప్తాడు. అర్ధరాత్రి అది పడిపోయినప్పుడు ఫోన్ మోగేది మాత్రం వేరేవాడికి. అలాంటి మీటింగుల్లో నేనెప్పుడూ ఫోన్ మోగేవాడి పక్షమే. ఇంటి దగ్గరికొచ్చేసరికి, చూస్తే, అడ్డం పడే మనిషిని నేనే.

వంటింట్లోనూ అంతే. నూనె దగ్గర నిలబడలేక పిన్నమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయని మా అక్క కూతురు నంద్యాల నుంచి చిన్న ఓవెన్ తెచ్చింది, కజ్జికాయలు అందులో కాల్చి చూద్దామని. అప్పుడూ 'నూనెలో వేయిస్తేనే కజ్జికాయ' అన్నది నేనే. విమల 'వంటిల్లు' కవిత కాలేజీలో చదివి చలించిపోయిన వాణ్ని నేను! ఓవెన్లో కాల్చినవి కాస్త గట్టిగా వచ్చాయి. జేజి ఒకటి తీసుకుని, "పాలల్లో నానేస్తే ఏదైనా ఒకటేలే" అనింది.

అంటే దూరంగా ఉన్నవాడికి మాటే లేదా? ఉంది. నా జ్ఞాపకం అబద్ధం కాదు. ఎండాకాలం ఆ చల్లదనాన్ని స్లాబు ఇవ్వదన్నది కూడా నిజమే, ఆ మాట చెప్పాల్సిందే. కానీ జ్ఞాపకానికి మాట ఉంటుంది, వీటో ఉండదు. ఏదైనా నిలబెట్టాలని అడిగేవాడు ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి: ఇది ఉరిసిన రాత్రి మంచం జరిపేది ఎవరు? 'నేను' అనలేనివాడు ప్రాధేయపడొచ్చు, పట్టుబట్టకూడదు. 'అందరం కలిసి' అనే మాటకి అర్థం ఒకచోట కూర్చుని అంచులు మడవడం కాదనుకుంటా. అడక్కముందే గుర్తు పెట్టుకోవడం, బెల్లం ఎంత ఉందో చూడడం, చివర్న జిడ్డు బాండలి తోమడం. నేను నా జీవితంలో కొన్ని వందల కజ్జికాయలు మడిచుంటాను. బాండలి తోమింది మాత్రం మొన్ననే, మొదటిసారి.

సంక్రాంతి దాటాక స్లాబు వేయాలని తేలింది. పాత దూలంతో వాకిట్లో ఒక బల్ల చేయించమని జేజి అడిగింది. డబ్బులో సగం నేను పెట్టుకుంటానన్నాను. అది త్యాగమేమీ కాదు, బాకీ.

మర్నాడు పొద్దున్నే మిద్దెక్కి గడ్డి పీకుతుంటే నాయన కింద నుంచి అరిచాడు, ఎట్లాగూ తీసేసే మిద్దెకి ఇప్పుడు గడ్డెందుకురా అని.

కార్తీకంలో ఇంకా వానలున్నాయి. సంక్రాంతి దాకా కింద జేజి పడుకుంటుంది కదా.