ఇంట్లో ఉంది కదా!

ఆడవాళ్ల సంతోషానికి ఎప్పుడూ ఒక సాకు కావాలి. గుడికనో, పేరంటానికనో, పిల్లల కోసమనో చెబితే గడప దాటడం తేలిక. 'పాట వినాలనిపించింది, పోయొస్తా' అంటే మాత్రం ఇంటిల్లిపాదీ తలెత్తి చూస్తారు. ఉత్త సంతోషం కోసమే సంతోషపడే హక్కు మనకుందా, లేదా?

నేను పుట్టింది జమ్మలమడుగు, మెట్టింది ప్రొద్దుటూరు. దసరాకు రెండో మైసూరని పేరుపడ్డ ఊరు. అమ్మవారిశాల ఊరేగింపుల్లో, విజయదశమినాటి తొట్టిమెరవణిలో బ్యాండు మేళం దగ్గరికొచ్చేకొద్దీ ఆ దెబ్బ చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆమె కాలు కూడా అదే తాళానికి కదులుతుంటుంది. ఆ క్షణాన నేను ఎవరి కోడలినీ కాను.

ఇంట్లో నాకింకో లోకముంది. చీరల బీరువాలో కింది అరంతా సినిమా డిస్కులే. ఖర్చుల్లో మిగిల్చి ఒక్కొక్కటీ కొన్నవి. అందులో పెద్దపీట బి.ఎన్.రెడ్డి గారిది. పులివెందుల ప్రాంతపు కొత్తపల్లిలో పుట్టిన మనిషి. 1940లోనే 'సుమంగళి'లో వితంతు వివాహం గురించి మాట్లాడినవారు. పాలు పొంగితే ఆపుకుంటూ, అందరూ పడుకున్నాక మళ్లీ మొదలుపెట్టుకుంటూ ఆ సినిమాలు చూస్తాను. నా పేరున ఏమీ లేని ఇంట్లో ఆ అర నాది.

ఒకసారి మా మరిది అన్నాడు: "ఇన్ని సినిమాలు ఇంట్లోనే ఉండాయి కదా వదినా, రాత్రిపూట ఆర్కెస్ట్రాకు పోవాల్నా?" మర్యాదగానే అన్నాడు. కానీ నేను పోగుచేసుకున్న ఆనందాన్నే నాకు ప్రహరీగోడగా కట్టే మాట అది. ఇంట్లో బావి ఉందని ఏటికి పోవద్దన్నట్టు. మగవాళ్లకు ఇంట్లో టీ ఉన్నా బజారులో టీకొట్టు ఉంటుంది. వాళ్లనెవరూ అడగరు.

ఆ అరలోని 'మల్లీశ్వరి' (1951) ఈ మాటకు ఎప్పుడో జవాబు చెప్పింది. వానకు తలదాచుకున్న చోట మల్లి తన సంతోషం కొద్దీ ఆడి పాడుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారు చూస్తారు. బావ నాగరాజు వేళాకోళంగా పల్లకీ పంపమంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. తన కోసం పాడుకున్న పాటకు మల్లి చెల్లించిన మూల్యం రాణివాసం. చాలామంది దీన్ని విధి అంటారు. చూసినవాడికి అధికారం ఉండటమే కారణమని నాకనిపిస్తుంది. భానుమతి తన గొంతుతోనే పాడిన ఆ పాటలు విన్న ప్రతిసారీ, పాడటం తప్పా, పల్లకీ పంపడం తప్పా అని అడగాలనిపిస్తుంది.

ఆర్కెస్ట్రా వేదికమీది గాయని పరిస్థితీ ఇంతే. పాట బాగుంటే ఆమెకు చప్పట్లతోపాటు వెకిలి ఈలలూ వస్తాయి. ఆమె గొంతు విని మనం ఆనందిస్తున్నప్పుడు ఆ ఈలలు మనకు పట్టకపోతే ఎలా? మనం ఇంట్లో డిస్కు పెట్టుకుని కూర్చుంటే, వేదిక ముందంతా ఈలలు వేసేవాళ్లదే అవుతుంది. ముందు వరుసల్లో ఆడవాళ్లు నిండుగా కూర్చున్న రాత్రి ఆ గాయని తలెత్తి, నవ్వుతూ పాడటం నేను చూశాను. కాబట్టి పోవడం మన హక్కే కాదు, ఆమెకు మనం పడ్డ బాకీ కూడా.

నా బీరువా అర నాకు కావాలి. వీధిలో తాళమూ కావాలి. ఒకటుందని రెండోది వదులుకోమనే లెక్క ఏదైనా, అది మన సుఖం కోసం వేసింది కాదు.