మూసిన తలుపు

పగలంతా ఒంటరిగా పోరాడి, ఆకలితో తిరిగొచ్చిన కుర్రవాడికి సొంతవాళ్ళే కోట తలుపు తీయరు. అతను వేలు కొరుక్కుని, ఆ నెత్తుటితో ఉత్తరం రాసి, మళ్ళీ శత్రువుల మీదికే వెళతాడు. బురదవాగులో గుర్రం దిగబడిపోతుంది. ఆపైన బాణాల వాన. చైనా కథల్లో లువో ఛెంగ్ అనే యువవీరుడి చావు ఇది. పెకింగ్ ఓపెరాలో ఆ కోటగుమ్మం ఘట్టాన్ని సువోనా తోడుగా పాడతారు. మన సన్నాయికి చుట్టమే ఆ వాద్యం. ఆ ఘట్టం వీడియో చూడటం అయిపోయాక అక్క కళ్ళు తుడుచుకుంది.

"మన అభిమన్యుడే."

"కాదక్కా. అభిమన్యుణ్ణి చంపింది ఎదుటిపక్షం. ఇతని చావు సొంతపక్షం చేతిలో ఉంది. తలుపు మూయించినవాళ్ళు థాంగ్ రాజకుమారులు, లీ జియాన్‌ఛెంగ్, లీ యువాన్‌జీ. ఇతను తమ సోదరుడు లీ షిమిన్ మనిషని వాళ్ళ కక్ష. కానీ ఇదంతా కల్పన."

"మరి జరిగిందేమిటి?"

"ఈ పాత్రకు మూలం లువో షిషిన్ అనే నిజమైన సేనాని. 622లో మింగ్‌షుయి కోటను లియు హెయ్‌థా అనే తిరుగుబాటుదారు ముట్టడించాడు. లోపలున్న థాంగ్ సేనాని నిలవలేడని లీ షిమిన్ బెంగపడుతుంటే, 'నేను వెళతాను' అన్నాడు షిషిన్. 200 మందితో లోపలికి వెళ్ళాడు. ఇంతలో పెద్ద మంచు. సాయం అందలేదు. 8 రోజులకు కోట పోయింది. ఇతని ధైర్యం తెలిసి హెయ్‌థా బతకనిద్దామనుకున్నాడు. ఇతను తల వంచలేదు, చంపేశారు. 'పాత థాంగ్ చరిత్ర' గ్రంథం లెక్కలో అప్పటికి 20 ఏళ్ళు."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. "అంటే దారి మూసింది మంచు. కథ చెప్పినవాళ్ళు మంచును తీసేసి తలుపు పెట్టారు."

"నాకు కష్టంగా ఉన్నదీ అదే. ఆ సోదరులిద్దరూ 626లో ష్వాన్‌వు ద్వారం దగ్గర షిమిన్ పక్షం చేతిలో చచ్చిపోయారు. షిమిన్ చక్రవర్తి అయ్యాడు. ఓడిపోయిన వాళ్ళ నెత్తిన ఈ పాపం కూడా రుద్దారు. మింగ్‌షుయి పడిపోయిన రోజున అక్కడ సేనాధిపతి వాళ్ళిద్దరూ కాదు, షిమినే."

"వాళ్ళకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ మంచును ఎవరు నిలదీయగలరురా? కొడుకుల్ని యుద్ధానికి పంపి, ఎలా పోయాడో తెలియని తల్లులు ఎందరు విని ఉంటారు ఈ కథ! తలుపు మూసినవాడు ఒకడు ఉండాలి వాళ్ళకి. వాణ్ణి తిట్టుకోవాలి."

ఆ మాటకు నాకు లీ యువాన్‌బా గుర్తొచ్చాడు. షిమిన్ తమ్ముడు. కథల్లో అతన్ని మించిన బలశాలి లేడు. ఉరుముతున్న ఆకాశం మీదికి కోపంతో తన సమ్మెట విసిరితే, అది తిరిగొచ్చి అతన్నే చంపుతుంది. నిజంలో ఆ పిల్లవాడు 614లోనే, 16 ఏళ్ళకు, ఆ వంశానికి రాజ్యం రాకముందే పోయాడు. పేరు తెచ్చుకునే సమయమే దొరకలేదు. కథ అతనికి కొండంత బలం ఇచ్చింది గానీ, ఆయుష్షు ఇవ్వలేకపోయింది. ఇస్తే ఎవరు కాదనేవారు? ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

"అయినా షిషిన్‌ను ఎవరూ బలవంతం చేయలేదక్కా," అన్నాను. "తానే అడిగి వెళ్ళాడు."

అక్క గొంతు మారింది. "తానే అడిగాడు! పంపినవాళ్ళకు ఎంత హాయైన మాట. ఎప్పటినుంచి అడుగుతున్నాడు వాడు?"

14 ఏళ్ళప్పటినుంచి. ఝాంగ్ షుతువో అనే అధికారి దగ్గరికెళ్ళి యుద్ధానికి వస్తానన్నాడు. కవచం బరువైనా మోయలేవు, పోరాటమా అన్నట్టు మాట్లాడాడాయన. పిల్లాడికి రోషం వచ్చి రెండు కవచాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని గుర్రమెక్కాడు.

"చూశావా," అంది అక్క. "అంత చిన్నవాడు రెండు కవచాలు వేసుకుంటే దింపి ఇంటికి పంపాలి. ముందు వరసలో నిలబెట్టారు. మింగ్‌షుయి దాకా వాణ్ణి నడిపించింది ఆ మెప్పుకోలే. నువ్వు దోషి కోసం కోటగుమ్మం దగ్గర వెతుకుతున్నావు."

"షిమిన్ బాధపడ్డాడట. వెల ఇచ్చి శవాన్ని తెప్పించాడు."

"ఎక్కడ పూడ్చారు?"

లువోయాంగ్ దగ్గర బెయ్‌మాంగ్ కొండ మీద, పెయ్ రెన్‌జీ సమాధి పక్కన. తనను ఒకప్పుడు ఆదరించిన ఆ సేనాని అస్థికల్ని షిషినే అక్కడికి చేర్చాడు. తాను పోయాక ఆ పక్కనే పెట్టమని అప్పుడే చెప్పి ఉంచాడు.

అక్క ఓపెరా వీడియోను మళ్ళీ మొదటికి జరిపింది. సువోనా మొదలైంది.

"అప్పుడే చెప్పి ఉంచాడా," అంది.