వెనక నడిచేవాళ్లు

కార్తీక పౌర్ణమికి రాజమండ్రి నుంచి ఒక కుటుంబం అంతర్వేది వెళ్లింది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, బామ్మ. పొద్దున్నే సముద్ర స్నానం, లక్ష్మీనరసింహస్వామి దర్శనం, తర్వాత భోజనాలు అయ్యాయి. మిగిలింది అన్నాచెల్లెళ్ల గట్టు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఏటి నీళ్లకీ ఉప్పునీళ్లకీ నడుమ తేలే ఇసుక మేట అది. ఎండ నిలువునా కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు.

సరుగుడు తోపు నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన వాళ్లని పలకరించాడు.

"ఇప్పుడు పాటేనండి, నీళ్లు వెనక్కి తీసున్నాయి, ఎళ్లొచ్చు. అమ్మగారు ఎక్కడ ఆగితే అందరూ అక్కడే ఆగిపోండి."

"అలాగేనండి. అరగంటలో వచ్చేస్తాం" అన్నాడు కొడుకు.

ఆ అరగంట అతని కాళ్ల లెక్క. తడి ఇసుక గట్టిగా ఉండటంతో పిల్లాడు పరుగందుకున్నాడు, వాడి వెనకే తండ్రి. గవ్వలు ఏరుకుంటూ పిల్ల నడుమ నడిచింది. దారిలో చిన్న పల్లం వచ్చింది, పాదాలు మునిగేటంత నీళ్లున్నాయి. నవ్వుకుంటూ దాటేశారు. కోడలి చెయ్యి పట్టుకుని బామ్మ కూడా దాటింది. దాటాక మోకాళ్లు పట్టేసి అక్కడే కూలబడింది.

కూర్చున్నది కాబట్టే ఆవిడ చూసింది. ఎదురుగా ఒక పీత కలుగులోంచి ఇసుక ఉండలు బయటికి తోస్తోంది. అల ఒకటి వచ్చి ఆ ఉండల్ని తుడిచేసింది. ఇంకోటి వచ్చి కలుగునే పూడ్చేసింది. ఇందాక ఆ అల అక్కడిదాకా రాలేదు. గాలి కూడా తిరిగింది. ఈశాన్యాన మబ్బు నల్లగా లేస్తోంది. 1996 నవంబరు 6న, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, కోనసీమ కొబ్బరి తోటల్ని నేలకూల్చి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుపానుని చూసిన మనిషి ఆవిడ. గాలి మారితే ఆవిడకి ఒంట్లో తెలుస్తుంది.

"ఒరేయ్, వచ్చెయ్యండ్రా!" అని కేకేసింది. అలల హోరులో ఆ కేక పిల్లదాకానే వెళ్లింది.

"నాన్నా, బామ్మ రమ్మంటోంది!"

"ఇంకొంచెమేనమ్మా, గట్టు ఇదిగో, ఇక్కడే."

పిల్ల ఊరుకోలేదు. గవ్వలు పారేసి పరుగెత్తి తండ్రి చెయ్యి పట్టుకు లాగింది. అతను వెనక్కి తిరిగి చూస్తే తల్లి ఎక్కడో దూరంగా, చీర రంగు కూడా ఆనకుండా ఉంది.

వెనక్కి వచ్చేసరికి పల్లంలో నీళ్లు మోకాలు దాటాయి, పక్కకి లాగుతున్నాయి. జల్లు మొదలైంది. అతనొక్కడే అయితే క్షణంలో దాటేవాడు. బామ్మతో అలా కుదరదు. ఒక అడుగు, ఒక అల, మళ్లీ ఒక అడుగు. పెద్దాయన అవతలి నుంచి నీళ్లలోకి దిగి చెయ్యందించాడు. బామ్మ చెప్పులు కొట్టుకుపోయాయి, మనుషులు మిగిలారు.

"పోటు మీ నడక చూసుకుని రాదు బాబూ. ఈవిడ నడక చూసుకుని మీరే రావాలి" అన్నాడాయన.

నీతి: తిరిగొచ్చే దారిని అందరికంటే మెల్లగా నడిచేవాళ్ల కాళ్లతో కొలుచుకోవాలి.

ఇది మన తీరానికి మరీ అవసరం. పుణ్యస్నానాలకి మనం ఎంచుకునేవి పౌర్ణమి, అమావాస్య. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి సముద్రాన్ని లాగేదీ అప్పుడే, పోటూ పాటూ బాగా ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పాటుకి ఇసుక ఎంత దూరం తేలి మనల్ని రమ్మంటుందో, పోటుకి నీళ్లు అంత దూరమూ వెనక్కి వస్తాయి. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. పైగా కార్తీకం తుపానుల కాలం, ఐదున్నరకే పొద్దుగూకే కాలం.

పేరుపాలెం వెళ్లినా, ఓడలరేవు వెళ్లినా, ముందు ఒడ్డున కనిపించిన జాలరిని పోటు ఎప్పుడు ఎక్కుతుందో అడగండి. ఆయన చెప్పినదాంట్లో సగం సమయం తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. నడక మొదలుపెట్టేటప్పుడు బామ్మని ముందు నడవనివ్వండి.