పాదయాత్రలో మ్యాప్స్ చూసుకోవచ్చా?

నర్మదే హర్!

నర్మదా పరిక్రమ దారిలో ఎవరు ఎదురైనా ముందు వినపడే పలకరింపు ఇదేనండి. పరిక్రమకో, శ్రీశైలం పాదయాత్రకో సిద్ధమవుతున్న మన పిల్లలు ఈమధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫోన్లో మ్యాప్స్ చూసుకుంటూ నడిస్తే అది యాత్రేనా? పుణ్యం తగ్గదా?

పుణ్యం లెక్కలు మన చేతిలో లేవు, ఆ మాట వదిలేద్దాం. కానీ ప్రశ్నలో విషయం ఉంది.

నర్మద అమర్‌కంటక్‌లో పుట్టి 1,312 కిలోమీటర్లు పారి, గుజరాత్‌లో భరూచ్ దాటాక సముద్రంలో కలుస్తుంది. ఒక ఒడ్డు వెంట నడిచి, సముద్రం దగ్గర పడవలో అవతలికి చేరి, రెండో ఒడ్డు వెంట నడిచి, మొదలుపెట్టిన చోటికే తిరిగి రావడం పరిక్రమ. మొత్తం 2,600 కిలోమీటర్ల పైమాటే. సంప్రదాయం ప్రకారం చేసేవాళ్ళకి 3 ఏళ్ళ 3 నెలల 13 రోజులు. ముఖ్యమైన నియమం ఒకటే: మైయా ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉండాలి. మధ్యలో నదిని దాటకూడదు. దాటితే పరిక్రమ ఖండితమే.

ఈ నియమం మ్యాప్‌కి చెప్పి చూడండి. బయల్దేరే చోటూ చేరే చోటూ ఒకటే అంటే దాని దృష్టిలో అసలు ప్రయాణమే లేదు. పోనీ మధ్యలో ఏదో ఊరి పేరు పెట్టారనుకోండి, దగ్గర దారి వెతికి హాయిగా వంతెన ఎక్కించేయొచ్చు. పాపం, దాని తప్పేం లేదు. ఎక్కడికి, ఎంత త్వరగా అన్నవే దానికి తెలిసిన ప్రశ్నలు. నదిని ఏ చేతి వైపు ఉంచుకుని నడుస్తున్నావు అని అది అడగదు.

అందుకే నా మటుకు నాకు మ్యాప్‌లో నీలి చుక్క వేరు, నీలి గీత వేరు. చుక్క "నువ్విక్కడ ఉన్నావు" అంటుంది, అంతే. ఉపగ్రహాల సంకేతాలు అందితే చాలు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంటే సిగ్నల్ లేని చోట కూడా అది కనపడుతుంది. సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకోవడానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? గీత అలా కాదు, "ఇలా వెళ్ళు" అంటుంది. సంకల్పం చెప్పుకున్నది మనం. ఎలా నడవాలో తేల్చేది ఎవరు?

"పెద్దవాళ్ళు ఇవేవీ లేకుండా నడవలేదా" అంటారు కొందరు. ఆ వాదన నాకు నచ్చదు. పెద్దవాళ్ళు నడిచిన దారే కొన్ని చోట్ల ఇప్పుడు లేదు. సర్దార్ సరోవర్ నీళ్ళలో ఒడ్డు పక్క బాటలు మునిగిపోయాయి. శూలపాణేశ్వరుడి పాత గుడి కూడా మునిగితే వేరే చోట కొత్తది కట్టారు. అక్కడ యాత్రికులు నదికి దూరంగా చుట్టు తిరిగి పోవాల్సిందే. కొండల అవతల ఉన్న మైయా కంటికి కనపడదు. అలాంటప్పుడు స్క్రీన్ మీద నది ఇంకా కుడివైపే ఉందని చూసుకుని దండం పెట్టుకుంటే తప్పేముంది?

మరి పోయేదేంటి అంటే, అడగడం పోతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. పరిక్రమ దారిలో ఊళ్ళవాళ్ళు యాత్రికులకి బియ్యం, పప్పు, పిండి ఇస్తారు, సదావ్రత్ అంటారు దాన్ని. రాత్రికి అరుగు మీద చోటిస్తారు. వాళ్ళకి అది దయ కాదు, వాళ్ళ వంతు సేవ. "బాబా, దారెటు?" అని ఆగినవాడితోనే "చాయ్ తాగి వెళ్ళు" అన్న మాట మొదలవుతుంది. మనమేమో సిటీలో తలుపు తీయకుండానే ఫుడ్ డెలివరీ తెప్పించుకునే రకం. ఇవ్వడం కొంచెం వచ్చు, దానం చేస్తాం, ఫోటో కూడా పెడతాం. తెలియనివాళ్ళ దగ్గర చేయి చాపి తీసుకోవడం మాత్రం మనకి రాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవర్నీ ఏమీ అడక్కుండా 2,600 కిలోమీటర్లు నడిచి రావడం ఇప్పుడు కుదిరే పనే. కాళ్ళ కష్టమంతా పడి, ఆ ఒక్కటి నేర్చుకోకుండా ఇంటికొస్తే నాకైతే బాధేస్తుంది.

అలాగని ఒంటరిగా నడిచే అమ్మాయికి, చీకటి పడే వేళ "ఎవర్నైనా అడుగమ్మా" అని సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు. తనకి ఆ చుక్క రక్షణ. ఇంట్లో అమ్మకి లైవ్ లొకేషన్ పంపితే భక్తికి వచ్చే లోటేమీ లేదు, అక్కడ ఆవిడ నిద్రపోవాలి కదా. రోజుకెన్ని అడుగులు, ఎన్ని కేలరీలు అని చూసుకునేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళతో నాకు పేచీ లేదు.

శివరాత్రికి నల్లమల దారిలో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే ఆ బాట పులుల అభయారణ్యంలోది. యాప్‌లో గీత కనపడినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, అటవీశాఖ వాళ్ళు వదిలిన రోజుల్లోనే, జనంతోపాటే నడవండి. మ్యాప్ ఊళ్ళోనే డౌన్‌లోడ్ చేసి, పవర్‌బ్యాంక్ సంచిలో వేసుకోండి. భీముని కొలను దగ్గర ఏ పెద్దాయనైనా మెట్ల మీద కూర్చుని ఉంటే, మీకు తెలిసినా సరే, "తాతా, కైలాసద్వారం ఇంకెంత దూరం?" అని ఒకసారి అడగండి.