భవానికి చెప్పిన మాట

తాడిపత్రిలో బండల పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు మా మందుల షాపుకు చీకటి పడినాకే వస్తారు. ఆ వేళకు కౌంటర్ దగ్గర నేనే ఉంటానని వాళ్లకు తెలుసు. ముందు తలనొప్పి మాత్ర అడుగుతారు, తర్వాత బిడ్డకు దగ్గు మందు అడుగుతారు. పక్కనున్న మగవాళ్లు కదిలినాక గొంతు తగ్గించి, "ఉడుకు చేసిందక్కా, ఒంటికి పోతే మంట" అంటారు. చీటీ లేకుంటే ముందు గవర్నమెంటు ఆసుపత్రికి పొమ్మంటాను. చీటీ ఉంటే అందులో తరచుగా కనిపించే పేరు నైట్రోఫ్యూరంటాయిన్. నూరు మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అయిదు రోజులు.

ఆ మాత్రలు కవర్లో వేసేటప్పుడు నన్ను ఒక ప్రశ్న నిలబెడుతుంది. ఫార్మసీ పుస్తకాల్లో దానికి జవాబు ఉంది గానీ అది నాకు చాలలేదు. మేలు కోరి ఇచ్చే వస్తువులో కీడు కూడా ఉన్నప్పుడు, తీసుకునే మనిషికి ఆ సంగతి ఎంతవరకు చెప్పాలి? చెప్పకుండా ఉండటం దయ అవుతుందా?

అవుతుందనే మా మామ నమ్మకం. ఈ షాపు పెట్టింది ఆయనే. "మందు మీద గురి ఉంటేనే పనిచేస్తుందమ్మా. నువ్వు వాంతి వస్తుందంటే ఆ మనిషికి ఇంటికి పోకముందే కడుపులో తిప్పుతుంది" అంటాడు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోను. చెడు జరుగుతుందని ఎదురుచూసే మనిషికి వికారం, నొప్పి ఎక్కువగా తెలుస్తాయని వైద్య పరిశోధనలు కూడా చెప్పాయి. పైగా వైద్యుణ్ణి నారాయణుడితో సమానంగా చూసే జనం మనం. చేదు నిజం మొహం మీద చెప్పకపోవడం మర్యాద అని ఇళ్లలో నేర్చుకుంటూ పెరిగాం. నమ్మకాన్ని చెడగొట్టడం పాపమని ఆయన అంటే, ఆ మాట వెనక ఆయన కళ్లతో చూసిన మనుషులు ఉన్నారు.

నా కళ్లతో చూసినవాళ్లూ ఉన్నారు. ఒకామె రెండో రోజుకే మాత్రలు తిరిగి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "చిక్కటి పసుపు నీళ్ల మాదిరి పోతాందక్కా, లోపల ఏమో కరిగిపోతాంది" అని వణికింది. ఆ మందు స్వభావమే అది. కడుపులోంచి రక్తంలోకి పోయిన మందును మూత్రపిండాలు గబగబా వడకట్టి మూత్రంలోకి తోసేస్తాయి. రక్తంలో కొంచెమే నిలుస్తుంది, మూత్రాశయంలో చిక్కగా చేరుతుంది. ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై క్రిములు ఉన్నదీ అక్కడే కాబట్టి అక్కడే వాటిని చంపుతుంది. ముదురు పసుపు, ఒక్కోసారి గోధుమ రంగు, మందు చేరాల్సిన చోటికి చేరిందనడానికి గుర్తు. ఆ ఒక్క మాట ముందే తెలిసుంటే ఆమె అయిదు రోజులూ వాడేది. ఆమెలో గురి లేక కాదు, ఆ గురికి ఆసరాగా ఎవరూ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్లే అది రెండు రోజుల్లో కూలిపోయింది. జ్వరం, చలి, నడుముకు పక్కగా పోటు ఉంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండాల దాకా ఎక్కిందేమోనని అనుమానించాలి. రక్తంలో నిలవని ఈ మందు అక్కడ చాలదు. ఇది కూడా చెప్పకుండా పంపడాన్ని దయ అనలేను.

భాగవతం అష్టమ స్కంధంలో పాలకడలి చిలికే కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అమృతం కోసం మొదలుపెట్టిన పనిలో ముందు పుట్టింది హాలాహలం. లోకాలు మాడిపోతుంటే ప్రజాపతులు శివుడి దగ్గరికి పరుగెత్తారు. ఆయన వెంటనే మింగలేదు. పక్కనున్న భవానితో మాట్లాడాడు. ప్రాణులకు ఎంత ఆపద వచ్చిందో చూడమన్నాడు, దీన్ని తాను మింగబోతున్నానని చెప్పాడు. ఆయన శక్తి ఎంతో ఎరిగిన ఆమె సరేనంది. హరికథల్లో ఈ ఘట్టం వస్తే ఆమె మాంగల్య బలాన్ని కొనియాడి ముందుకు పోతారు. నా మనసు ఆ సంభాషణ దగ్గరే ఆగుతుంది. లోకాలన్నీ కాలుతున్న వేళ కూడా, ఎవరి అనుమతీ అక్కర్లేని దేవుడు, ఆ విషం వల్ల నష్టపోగల మనిషికి ముందు చెప్పాడు. ఆమె ఒప్పుకోలుకు విలువ వచ్చింది కూడా ఆమెకు సంగతి తెలుసు కాబట్టే. తెలియకుండా ఒప్పుకుని ఉంటే అది కథలో చెప్పుకోవాల్సిన మాటే కాదు.

మా ఊళ్లో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి 15వ శతాబ్దం చివర కట్టడం మొదలైంది. లింగం అడుగున ఊరే నీటివల్ల ఆయనకు ఆ పేరు. కార్తీక సోమవారాల్లో అక్కడ ఆడవాళ్లు పొద్దంతా ఉపవాసం ఉండి చుక్క చూసి తింటారు. ఆ నెలలో నాకు వచ్చే ఫిర్యాదులు వేరుగా ఉంటాయి: "మందు పడలేదక్కా, కక్కు వచ్చింది." పడకపోవడానికి కారణం ఖాళీ కడుపు. నైట్రోఫ్యూరంటాయిన్ అన్నంతో పాటు వేసుకుంటే వికారం తగ్గుతుంది, మందు ఒంటికి పట్టేదీ ఎక్కువ. ఆ మాట చెప్పని చోట, కొందరు మందును తిట్టుకుంటారు, ఇంకొందరు వ్రతంలో ఏదో దోషం జరిగిందని దేవుడికి భయపడతారు. ఈ రెండో భయం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఒక మాత్ర గుణాన్ని దైవ కోపంగా మార్చేసి ఆ ఆడమనిషి తనను తాను శిక్షించుకుంటుంది. రంజాన్ నెలలో ముస్లిం అక్కచెల్లెళ్లు సహరికి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి వేసుకోవచ్చా అని అడుగుతారు. రెండుసార్లూ తిండి ఉంటుంది కాబట్టి మాత్ర వరకు కుదురుతుంది. పగలంతా నీళ్లు లేకుండా ఈ జబ్బుతో ఉండటం మంచిది కాదు. జబ్బు మనిషి ఉపవాసాన్ని మరో రోజుకు మార్చుకోవడానికి ఖురాన్‌లోనే అనుమతి ఉంది. నేను ఆ మాట చెప్తే వాళ్లలో కొందరు ఊపిరి పీల్చుకుంటారు, కొందరు నవ్వి ఉపవాసమే ఉంటారు. నిర్ణయం వాళ్లది. అది తెలిసి తీసుకున్న నిర్ణయం.

నీలకంఠుడి మెడ మీద మచ్చ ఆయనకు ఆభరణమైందని పురాణం చెప్తుంది. మనవాళ్లు ఆ మాటను బాధపడే ప్రతి మనిషికీ అంటగడతారు. "ఓర్చుకో, మంచికే" అంటారు. దీన్ని నేను ఒప్పుకోను. శివుడి మచ్చ ఆభరణం అయింది ఆయన ఎంచుకున్నాడు కాబట్టి. అరవై దాటిన ఒక పెద్దాయన, బండలు ఎత్తి ఎత్తి ఒళ్లు అరిగిన మనిషి, ఆయాసానికి ఎప్పటినుంచో స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నాడు. మూత్రంలో మంటకు ఎక్కడో సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. మూడో రోజు మడమ వెనక పోటు పుట్టింది. పనివల్ల అనుకుని అలాగే బండలు మోశాడు. ఆ వర్గం మందులు పిక్కను మడమకు కలిపే స్నాయువును బలహీనం చేయగలవని, అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే మందు సమాచార పత్రంలో పెద్ద హెచ్చరిక పెట్టించింది. 2016లో ఇంకో అడుగు వేసి, మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు వేరే మందు దొరికితే వీటిని వాడొద్దంది. ప్రాణం మీదికి వచ్చిన ఇన్ఫెక్షన్లలో ఇవే మందులు మనుషుల్ని నిలబెడతాయి, వాటి మీద నాకు ద్వేషం లేదు. "మడమ పోటు పుడితే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించు, బరువు ఎత్తొద్దు" అన్న మాట ఆ పెద్దాయనకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఆయన ఇప్పుడు కుంటుతూ నడుస్తాడు. ఖర్మ అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆయన మీద కాదు.

మా మామ గీతను చదివిన మనిషి. చివరి అధ్యాయంలోని పొగ పోలిక ఎత్తుతాడు: దోషం అంటని పని లోకంలో లేదు, అందుకని పని మానుకోకూడదు. నిజమే, నేనూ మందులమ్మడం మానుకోలేదు. ఆ బోధ పనిచేసేవాడికి ధైర్యం చెప్పడానికి. నేను వెలిగించే పొయ్యిలో పొగ ఉంటుందని నేను ఒప్పుకోవడం ఒకటి, ఆ పొగ పీల్చబోయే ఇంటివాళ్లకు చెప్పకుండా వెలిగించడం ఇంకొకటి. రెండోదానికి గీతను సాక్ష్యం పిలవలేం.

మరి అన్నీ చెప్పాలా? మందు పెట్టెలో మడిచిన కాగితం విప్పితే చాంతాడంత జాబితా. అంతా చదివి వినిపిస్తే మా మామ చెప్పిందే జరుగుతుంది. ఇక్కడ నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను: తెలిస్తే మనిషి ఏదైనా చేయగలిగే సంగతి అయితే అది ఎంత అరుదైనా చెప్తాను. నైట్రోఫ్యూరంటాయిన్ మొదలుపెట్టాక కొత్తగా జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తే అది ఊపిరితిత్తుల మీద చూపే ప్రభావం కావచ్చు, ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుంటే ఆపాలి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు. కళ్లు పచ్చబడితే కాలేయం సంగతి చూడాలి. నెలలు నిండిన గర్భిణి అయితే ఈ మందు వద్దు, పుట్టే బిడ్డ ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చు. కాన్పు ఎప్పుడని అడగడానికి అర నిమిషం చాలు. మళ్లీ మళ్లీ మంట వస్తోందని నెలల తరబడి రాత్రికొకటి మింగే పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల మాట తప్పనిసరిగా చెప్తాను. సిప్రోఫ్లాక్సాసిన్ తీసుకునే షుగర్ మనిషికి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చని, పాలతో, అసిడిటీ మందుతో కలిపి మింగొద్దని చెప్తాను. ఏదైనా జరిగితే 1800 180 3024కు ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. అది దేశమంతటా మందుల కీడును నమోదు చేసే కార్యక్రమం నంబరు, ఆ కార్యక్రమం 2010లో మొదలైంది. అక్కడికి చేరిన మాట ఇంకో ఊళ్లో ఇంకో మనిషిని కాపాడుతుంది. "నా ఖర్మ" అని ఇంట్లో కూర్చుంటే ఎవరికీ చేరదు.

కథలో ఇంకో సంగతి ఉంది. శివుడి అరచేతిలోంచి కొన్ని చుక్కలు జారాయి. వాటిని తేళ్లు, పాములు, విషపు మొక్కలు అందుకున్నాయి. దేవుడు మింగినప్పుడే చుక్క కింద పడింది. మనుషులు మందు చేసేటప్పుడు పడకుండా ఉంటుందా? పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని శుభ్రం చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ నీళ్లలో బతకడం నేర్చిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. రెండు రోజులు వాడి వదిలేసిన మాత్రలు, పక్కింటామెకు పంచిపెట్టిన సగం అట్ట కూడా ఆ పనికే సాయం చేస్తాయి. ఆ నీళ్లు కలిసిన వాగు ఒడ్డున పశువులు మేపుకున్నవాళ్లను ఎవరు అడిగారు? వాళ్లకు రోగమూ లేదు, చీటీ లేదు, సరే అనే అవకాశమూ రాలేదు. భవానికి దక్కిన మర్యాద వాళ్లకు దక్కలేదు. నా కౌంటర్ దగ్గర ఎంత ఓపికగా మాట్లాడినా ఈ కీడు నా మాటకు అందదు. చట్టం చేయాల్సిన పని ఇది. దీన్ని ధర్మసందేహంగా చూడాల్సిన మఠాలు, మసీదులు, చర్చీలు మాట్లాడితే బాగుండునని నా కోరిక.

అన్నీ చెప్పినాక చివర్లో "నీళ్లు బాగా తాగు" అనడం నా అలవాటు. ఒకామె నన్ను సూటిగా చూసి, "తాగితే యాడికి పోయేదక్కా?" అంది. బండ మీద మిషన్ తిరిగినంతసేపూ నీళ్లు ధార కట్టాల్సిందే, లేకుంటే బండ వేడెక్కి చెడుతుంది. ఆ ధార పక్కనే నిలబడిన మనిషి పొద్దున్నుంచి నోరు తడుపుకోదు, ఎందుకంటే అక్కడ ఆడవాళ్లకు మరుగు లేదు. తాగకుండా, బిగబట్టుకుని ఉండే ఒంట్లో క్రిములు పెరగకేం చేస్తాయి? ఆమె జబ్బు మాత్రతో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ మాత్ర, మళ్లీ దాని కీడు.

అప్పటినుంచి నేను చెప్పాల్సిన మనుషుల జాబితా పెరిగింది. యూనిట్ల యజమానులు బీపీ మాత్రలకు మా షాపుకే వస్తారు. ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలని చట్టం అంటుందని, వాళ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఏ మందు ఎందుకు మింగాల్సి వస్తోందో, దానివల్ల ఏమేం రావచ్చో వాళ్లకు కూడా చెప్తున్నాను, ఏ ఒక్కరి పేరూ ఎత్తకుండా. కొందరు బిల్లు కట్టి మాట వినకుండానే పోతారు. ఒకాయన రేకులతో ఒక గది కట్టించాడు. తలుపుకు గొళ్లెం లేదని ఆడవాళ్లు చెప్పారు. వచ్చే నెల మాత్రలకు వచ్చినప్పుడు గొళ్లెం సంగతి అడగాలి.